దంతాలరాజు ఇవ్వనన్న మట్టి

ఒకప్పుడు ఏనుగుల వీపుల మీద మట్టి ఉండేది కాదు. ఏట్లో మునిగి లేచినప్పుడు ఎలా ఉండేవో రోజంతా అలాగే ఉండేవి, నల్లగా, నున్నగా, నిగనిగలాడుతూ. మందలో ఒక్క ఏనుగు వీపు మీద మాత్రం ఎర్రమట్టి కనిపించేది. ఆ మట్టి ఎవరి మీద ఉంటే ఆ ఏనుగే మందకి పెద్ద.

అది ఎవరికి వాళ్లు చల్లుకునే మట్టి కాదు. అడవి మధ్యలో ఎర్రమట్టి నేల ఒకటి ఉండేది, చెట్టూ చేమా లేని బయలు. దాని చివర రెండు కొండల నడుమ ఇరుకైన కనుమదారి. ఆ దారి మొదట్లో ఒక దిబ్బ. పెద్దని మార్చుకోవాలనిపించినప్పుడు ఏనుగులన్నీ ఆ బయలుకి చేరేవి. పెద్దరికం కావాలనుకున్నవాళ్లు తలో దిక్కుకీ నడిచేవాళ్లు. మిగతావాళ్లు తమకి నచ్చినవాళ్ల వెనక నడిచేవాళ్లు. ఎవరి వెనక ఎక్కువమంది నడిస్తే వాళ్లే కొత్త పెద్ద. అరుపులు లేవు, పొడుచుకోవడాలు లేవు. ఒక్క తోపుతో మహా వృక్షాన్ని పడగొట్టగల జంతువులు అంత పెద్ద సంగతిని నడకతో తేల్చుకునేవి. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

నడక అయ్యాక ఓడిన పెద్ద దిబ్బ ఎక్కాలి. తొండం నిండా ఆ దిబ్బ మీది మట్టి తీసి గెలిచినవాళ్ల వీపు మీద చల్లాలి. ఆ మట్టి పడ్డాకే కొత్త పెద్ద ముందు నడవాలి, మంద వెనక కదలాలి. అది ఆచారం. తాతముత్తాతల నాటి నుంచీ ఓడినవాళ్లందరూ చల్లారు. కొందరు నవ్వుతూ చల్లారు. కొందరు మూతి ముడుచుకుని చల్లారు. మొత్తానికి అందరూ చల్లారు. చల్లనంటే ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ ఎప్పుడూ ఆలోచించలేదు. అంతంత పెద్ద తలలున్నాయి కదా, ఒక్క తలకైనా తట్టొద్దూ? తట్టలేదు.

ఆ రోజుల్లో మందకి పెద్ద దంతాలరాజు. పేరుకి తగ్గట్టే తల వంచితే నేలని గీసేంత దంతాలు. వయసులో ఉన్నప్పుడు మంచి పెద్దే. పులి వస్తే గున్నలకి అడ్డంగా నిలబడ్డాడు. దారికి అడ్డం పడిన మానుల్ని ఎత్తి అవతల పారేశాడు. ఆ మాట దాచకూడదు. కానీ ఏళ్లు గడిచేకొద్దీ నీళ్ల దగ్గర తనే ముందు దిగడం మొదలుపెట్టాడు. కడుపు నిండా తాగి, మిగిలిన నీళ్లని కాళ్లతో తొక్కి, అంతా బురద చేసి లేచేవాడు. గున్నలకి ఆ బురదే మిగిలేది. ఇదేం పద్ధతని ఎవరైనా అడిగితే దంతాలు ఆడించేవాడు.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. మడుగులు ఎండాయి, వాగులు ఎండాయి, కాళ్లతో తవ్విన చెలమల్లో కూడా చెమ్మ లేకుండా పోయింది. నీళ్లున్నది ఒక్క కనుమ అవతలి ఏట్లోనే. అటు పోదామంటే దంతాలరాజు ఒప్పుకోలేదు. ఆ ఏటికి ఇంకా చాలా మందలు వస్తాయి. అక్కడ తనూ ఒక ఏనుగే తప్ప రాజు కాదు. ఆ సంగతి తనకి తెలుసు, మిగతావాళ్లకీ తెలుసు.

దాంతో మంద బయలుకి చేరింది. రాజుకి ఎదురుగా నిలబడింది చేటవ్వ. ఆమె అందరికన్నా ముసలిది. చేటల్లాంటి చెవులు అంచుల్లో చిరిగి వేలాడేవి. ఆమె చేసిన ఘనకార్యాలేమీ లేవు. ఎక్కడ నీళ్లు దొరికినా గున్నలు తాగేదాకా పక్కన నిలబడి, ఆఖర్న తను తాగేది. అంతే.

నడకకి ముందే అడవంతా ఒక మాట పాకిపోయింది. దాన్ని మోసింది ఏనుగుల వీపుల మీద తిరిగే తెల్లకొంగ. ఓడినా దిగనని రాజు తన వెంట తిరిగే ఇద్దరు కుర్ర ఏనుగులతో అన్నాడట. తను ఓడడం జరగని పని, ఓడినట్టు కనిపిస్తే ఆ నడకే తప్పని అర్థమట. ఆ మాట విని జింకలు మేత మానేశాయి. పందులు పిల్లల్ని తీసుకుని కొండెక్కాయి. ఏనుగులు రెండు ముక్కలై కలబడితే ఆ కాళ్ల కింద అడవిలో ఏం మిగులుతుంది? పులి కూడా బండచాటున కూర్చుని బయలు వైపే చూస్తూ ఉండిపోయింది.

పొద్దెక్కాక నడక మొదలైంది.

దంతాలరాజు తూర్పుకి నడిచాడు. చేటవ్వ పడమటికి నడిచింది. తర్వాత నీలి అనే తల్లి ఏనుగు, ఈ మధ్యే పుట్టిన తన గున్నని ముందు కాళ్ల మధ్య నడిపించుకుంటూ పడమటికి అడుగేసింది. ఆమె వెనక ఇంకో తల్లి, ఆ వెనక ముసలివాళ్లు, ఆ వెనక వయసులో ఉన్న మగ ఏనుగులు. నేల కింద ఏదో మూలిగినట్టు సన్నగా అదిరింది. ఆ అదురు కొండలదాకా పోయి తిరిగొచ్చింది. చూస్తున్న కొంగ రెక్కలు ముడవడం మరిచిపోయింది.

దంతాలరాజు వెనక్కి తిరిగి చూస్తే ఆ ఇద్దరు కుర్ర ఏనుగులే ఉన్నాయి.

కళ్లలో ఎండ పడి అందరూ దారి తప్పారని, మళ్లీ నడవాలని అన్నాడు రాజు. సరేనని మంద మళ్లీ నడిచింది, దాహంతో కాళ్లు తడబడుతున్నా నడిచింది. ఈసారీ అంతే. అప్పుడు రాజు వెళ్లి దిబ్బ ఎక్కాడు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. చేటవ్వ వీపు వంచి దిబ్బ ముందు నిలబడింది. రాజు తొండం మాత్రం వంగలేదు.

"నేను చల్లితేనే కదా నువ్వు పెద్దవి. నేను చల్లను. చల్లనంతకాలం పెద్దని నేనే" అన్నాడు.

పోనీ వేరే ఎవరైనా ఆ దిబ్బ మీది మట్టి తీద్దామంటే ఆ దంతాల దగ్గరికి ఎవరు వెళ్తారు? మట్టి పడని పెద్ద వెనక నడుద్దామంటే ఆచారం ఒప్పుకోదాయె. పాపం, వాళ్లకి ఆచారం అంటే అంత గౌరవం. ఆ గౌరవాన్నే పట్టుకుని రాజు వాళ్లని కట్టేశాడు.

ఎండ నడినెత్తికొచ్చింది. వయసులో ఉన్న మగ ఏనుగులు చేటవ్వ చుట్టూ చేరాయి. అందరం ఒక్కసారి తోస్తే రాజు దిబ్బ మీంచి దొర్లిపోతాడని, ఊ అనమని అడిగాయి.

"తోస్తే పడతాడు నాయనా. రేపటి నుంచి బాగా తోసేవాడే పెద్ద అవుతాడు. అప్పుడు నడక ఎందుకు, ఈ బయలు ఎందుకు?" అంది చేటవ్వ.

అలా అందే గానీ ఏం చెయ్యాలో ఆమెకీ తెలియదు. తన ఒక్కదాని వల్ల ఇంతమంది ఎండలో మాడిపోతున్నారని, పెద్దరికం వద్దని చెప్పేద్దామా అని కూడా అనుకుంది.

అంతలో నీలి గున్న కూలబడింది. తల్లి తొండంతో లేపితే లేచి, రెండడుగులు వేసి, మళ్లీ కూలబడింది. దాని చిన్న తొండం నేల మీద తడుముకుంటోంది, నీళ్లు అక్కడే ఎక్కడో ఉన్నట్టు.

నీలి దిబ్బ దగ్గరికి పోయింది. భయపడుతూనే పోయింది. గున్న పోతుందని, ఒక్క గుప్పెడు మట్టి విదిలిస్తే చాలని రాజుని బతిమాలింది. దంతాలరాజు గున్న వైపు చూశాడు. నీలి గున్నగా ఉన్నప్పుడు ఆమెని పులి నోట్లోంచి లాగింది ఈ రాజే. అతని తొండం మెల్లగా మట్టి మీదికి వంగింది. కానీ పక్కన నిలబడ్డ కుర్ర ఏనుగులిద్దరూ చూస్తున్నారని గుర్తొచ్చింది. వంగిన తొండం మళ్లీ పైకి లేచింది.

నీలి వెనక్కి వచ్చింది. గున్న పక్కన నిలబడి తల వంచింది. ఆమె కళ్ల ముందు నేల ఉంది. ఎర్రటి నేల. బయలంతా అదే ఎరుపు. దిబ్బ మీద ఉన్నదీ ఆ మట్టే, కాకపోతే అక్కడ కాస్త పోగుపడింది. ఇన్ని తరాలుగా ఏనుగులు ఆ మట్టి మీదే నిలబడి, మట్టి ఎవరిస్తారా అని దిబ్బ వైపు చూశాయి.

నీలి కాలితో నేలని గీకింది. తొండం నిండా మట్టి తీసింది. తన వీపు మీద తనే చల్లుకుంది.

అలా చేసిన ఏనుగు అంతవరకూ పుట్టలేదు.

"మట్టి నా కాళ్ల కిందా ఉందవ్వా. నేను నీ వెనక నడుస్తానని మొదటే నడిచి చూపించాను. ఇంక నాకు ఎవరూ చెప్పక్కర్లేదు" అంది నీలి.

పక్కనున్న తల్లి ఏనుగు కూడా నేలని గీకింది. ఆ పక్కది, ఆ వెనకది, ముసలివాళ్లు, మగ ఏనుగులు, అందరూ గీకారు, అందరూ చల్లుకున్నారు. ఎర్రటి దుమ్ము లేచింది. చెట్ల కొనలు దాటి లేచింది. కొండలు కనపడలేదు, సూర్యుడు కనపడలేదు. కొండెక్కిన పందులకి అడవి మధ్యలోంచి ఒక ఎర్ర మేఘం పుట్టి ఆకాశానికి పోతున్నట్టు కనిపించింది. ఆ దుమ్ములో నేల మళ్లీ అదిరింది, ఈసారి ఇంకా గట్టిగా. మంద కదిలింది.

ఇప్పుడే అసలు భయం. కనుమకి పోవాలంటే దిబ్బని ఆనుకుని పోవాలి. ఒక్కొక్కరుగా పోవాలి. దంతాలరాజు దంతాలు దించుకుని సిద్ధంగా ఉన్నాడు. తన మాట కాదని వీపు మీద మట్టి వేసుకుని ముందు నడిచే ఆ కొత్త పెద్ద దగ్గరికి రాగానే ఒక్క పోటు పొడవాలని అతని లెక్క. ఆ ఒక్కరూ పడిపోతే మిగతావాళ్లు మళ్లీ తన వెనకే నిలబడతారు.

దుమ్ములోంచి ఒక ఏనుగు వచ్చింది. దాని వీపు మీద మట్టి ఉంది. రాజు తల దించాడు. ఇంతలో రెండోది వచ్చింది. దాని మీదా మట్టే. మూడోది కూడా అంతే. తల నుంచి తోక దాకా అందరూ ఎర్రగా ఉన్నారు. ముందూ వెనకా అందరూ పెద్దలే. ఆ దుమ్ములో చిరిగిన చెవులు కూడా ఆనవాలు తెలియడం లేదు. ఇందులో చేటవ్వ ఎవరు? ఎవరిని పొడవాలి? పొట్ట కింద గున్నని కాచుకుంటూ నీలి అతని దంతాలు తగిలేంత దగ్గరగా పోయింది. ఆమె మీదా మట్టి ఉంది. చివరికి ఆ గున్న వీపు మీద కూడా ఎవరో చల్లిన మట్టి ఉంది.

దంతాలరాజు అంత ఎత్తున నిలబడి చూస్తూ ఉండిపోయాడు. ఒక్క ఏనుగూ అతన్ని తిట్టలేదు. ఒక్క ఏనుగూ తల తిప్పి చూడలేదు. పర్వతం లాంటి ఆ శరీరాలు ఒకదాని వెనక ఒకటి, ఏరు పారినట్టు, అతని ముందు నుంచి సాగిపోయాయి. దుమ్ము అణిగేసరికి బయలు ఖాళీ. కుర్ర ఏనుగులు ఎప్పుడు జారుకున్నాయో అవీ లేవు. అంత దిబ్బా, అంత మట్టీ అతనిదే. చల్లించుకునేవాళ్లే లేరు.

కనుమ అవతల ఏట్లో గున్న మోకాళ్ల మీద వంగి నీళ్లు తాగింది. అది తాగేదాకా చేటవ్వ పక్కన నిలబడింది.

తర్వాత ఒక రోజు దంతాలరాజు కూడా ఆ ఏటికి వచ్చాడు. బక్కచిక్కిపోయి ఉన్నాడు. మంద బెదిరింది. చేటవ్వ మాత్రం పక్కకి జరిగి, గున్నలు తాగేశాయి, దిగు నాయనా అంది. అతను దిగి తాగాడు, మునిగాడు, ఒడ్డెక్కాడు. పాత మట్టి కూడా నీళ్లలో పోయింది. మునిగిన ప్రతిసారీ మళ్లీ మట్టి చల్లుకుంటున్న ఆ ఏనుగులన్నిటిలో అతనొక్కడే నల్లగా మిగిలాడు. కాసేపు అటూ ఇటూ చూశాడు. తర్వాత వంగి, ఒడ్డున ఉన్న మామూలు మట్టి తీసి, తన వీపు మీద తనే చల్లుకుని, చెట్లలోకి నడిచిపోయాడు.

అప్పటినుంచే ఏనుగుల మందని ముసలి తల్లి నడిపిస్తోంది, ఎదిగిన మగ ఏనుగు మందకి దూరంగా తిరుగుతోంది. అప్పటినుంచే ఏ ఏనుగైనా హాయిగా స్నానం చేసి ఒడ్డెక్కగానే తొండంతో మట్టి తీసి వీపు మీద చల్లుకుంటోంది. శుభ్రంగా కడుక్కుని మళ్లీ మట్టేమిటని మీరు నవ్వుతారు. నవ్వకండి. ఆ మట్టి దానికి ఎవరూ ఇవ్వలేదు, ఇక ఎవరూ ఆపలేరు.