రెండు ఒడ్లూ వద్దన్న దిబ్బ

ఏరు సముద్రంలో కలిసే చోట, రెండు ఒడ్లకూ సమాన దూరంలో ఒక ఇసుకదిబ్బ ఉండేది. ఉత్తరపు ఒడ్డు అడవికి పులి రాజు. దక్షిణపు ఒడ్డు అడవికి ఎలుగుబంటి రాజు. దిబ్బ మాదంటే మాదని ఇద్దరికీ తాతల నాటి తగువు. పులి కొలువులో కరణం నక్క, ఎలుగు కొలువులో కరణం కోతి. ఒకరు వచ్చి జెండా పాతి పోతే, రెండోవారు వచ్చి దాన్ని పీకి తమది పాతేవారు.

దిబ్బ మీద కాపురం ఉన్నవి మాత్రం రెండే ప్రాణులు. పైడమ్మ అనే ముసలి ఉడుము, సూరప్ప అనే గూడబాతు. పైడమ్మకు నా అన్నవాళ్లు లేరు. రెక్క చెడిన సూరప్పను గుంపు ఎప్పుడో వదిలేసి ఎగిరిపోయింది. వాళ్లిద్దరికీ పెద్దగా మాటలు కూడా ఉండేవి కావు. పక్కన ఇంకొకరు ఊపిరి తీస్తున్నారన్న ధైర్యమే వాళ్ల చుట్టరికం.

ఆ ఏడు తుఫాను వచ్చింది. ఉప్పెన తీశాక చూస్తే దిబ్బ నిండా విరిగిన పడవలు, కూలిన ఇళ్ల దూలాలు, డ్రమ్ములు, చిక్కుపడిన నైలాను వలలు. ఆ వలల్లో, ఒక దూలం పక్కన, సూరప్ప ఇరుక్కుపోయి ఉన్నాడు.

పైడమ్మ వలను కొరికింది. అరిగిపోయిన పళ్లకు అది లొంగలేదు.

"అక్కా, పోటుకి నీళ్లు రొమ్ముదాకా వస్తున్నాయి," అన్నాడు సూరప్ప. "అమావాస్య పోటుకి తల మునుగుతుంది."

అమావాస్య ఇంక రెండు రోజులుంది.

"ఎలుకలైతే చిటికెలో కొరికేస్తాయి. పట్టుకొస్తానుండు," అని పైడమ్మ ఉత్తరానికి ఈదింది.

నక్క గడప దిగకుండానే మాట్లాడింది. "ఎలుకల్ని పంపొచ్చు పైడమ్మా. కానీ పంపితే ఆ చెత్తంతా మాదేనని ఒప్పుకున్నట్టు. అంత చెత్త ఎవరు ఎత్తుతారు? కోతినడుగు."

"దిబ్బ మీదేనని మొన్ననే కదా బాబూ జెండా పాతారు!"

"అది తుఫానుకి ముందు మాట."

పైడమ్మ అటు నుంచి అటే దక్షిణానికి ఈదింది. కోతి తల గోక్కుంది. "మాదో కాదో తేలందే కదలకూడదు. దిబ్బ తమది కాదని నక్కని రాసిమ్మను. అప్పుడు చూద్దాం."

మర్నాడు మళ్లీ ఉత్తరానికి. పీడ వదిలిందనుకుని నక్క సంబరంగా తాటాకు మీద రాసి పంజా ముద్ర వేసింది. 'దిబ్బ మాది కాదు. ఇకముందు కూడా కాదు.'

దక్షిణాన ఆ ఆకు చూడగానే కోతి ఎగిరిపడింది. "అయ్యో! వాళ్లు వదిలేస్తే మొత్తం మా నెత్తిన పడుతుందే!" గబగబా తనూ ఒక ఆకు తీసి రాసి ముద్ర వేసింది. 'మాదీ కాదు. ఎన్నటికీ కాదు.'

"ఎలుకల మాటో?"

"మాది కాని చోటికి మా ఎలుకల్నెలా పంపుతాం, పెద్దదానివి, నువ్వే చెప్పు."

రెండు ఆకులూ నోట కరుచుకుని పైడమ్మ తిరిగొచ్చేసరికి అమావాస్య పొద్దు పొడిచింది. పోటు అప్పటికే వచ్చి వెనక్కి పోయింది. సూరప్ప మెడ వల మీద వాలి ఉంది.

రెండు రోజులు ఇసుక తవ్వి తవ్వి అతన్ని కప్పింది. తర్వాత రోజూ ఒక కర్ర, ఒక డబ్బా, నోటికి అందినంత లాక్కుంటూ పోయింది. "ఇంక చాలు, కూర్చో" అనేవాళ్లు లేరు. పొద్దుపోయే దాకా లాగేది.

వలలన్నీ దిబ్బ మెరక మీదికొచ్చేశాయి. దూలాలు మాత్రం దాని వల్ల కాలేదు. నీళ్లలో నానుతున్న వాటి చుట్టూ నాచు పట్టింది, నాచుకి చేపలు మూగాయి. నాలుగు నెలలకల్లా ఆ ఏట్లో ఎక్కడా లేనన్ని చేపలు దిబ్బ చుట్టూనే.

కబురు రెండు ఒడ్లకూ పాకింది. ఒకే పొద్దున నక్క తన బలగంతో, కోతి తన బలగంతో దిగబడ్డారు.

"దిబ్బ మాది!"

"కాదు, మాది!"

"పైడమ్మా, నువ్వే సాక్ష్యం చెప్పు," అంది నక్క తేనెలొలికిస్తూ.

"నాకు చదువు రాదు బాబూ. మీరిచ్చిన ఆకులు మాత్రం ఉన్నాయి," అని పైడమ్మ కోతి రాసిన ఆకు నక్క చేతికి, నక్క రాసిన ఆకు కోతి చేతికి ఇచ్చింది.

నక్క ముఖం వెలిగిపోయింది. అందరికీ వినపడేలా గొంతెత్తి చదివింది. "విన్నారా? 'మాదీ కాదు. ఎన్నటికీ కాదు.' కోతి ముద్రే!"

"ఇదీ వినండి!" కోతి ఎగిరి గంతేసింది. "'ఇకముందు కూడా కాదు.' నక్క పంజాయే!"

 వెనకనున్న బలగాలు ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నాయి. ఒక ముసలి ఎలుక మెల్లగా అడిగింది. "మరి ఎవరిదన్నట్టు?"

"వద్దనని వాళ్లది," అంది పైడమ్మ. "మేమిద్దరం ఉండేవాళ్లం. ఇప్పుడు నేనున్నాను."

నక్క కోతి చేతిలోని తన ఆకు లాక్కుని చింపబోయింది. అంతమంది విన్నాక చింపి లాభం లేదని తెలిసి చెయ్యి దించుకుంది. చేపముక్కైనా దక్కకుండా అందరూ వచ్చిన దారినే పోయారు.

ఆ మాటలన్నీ చెప్పుకోవడానికి ఎవరూ లేక, పైడమ్మ ఇంకో కర్ర లాగడానికి లేచింది.

నీతి: ఆపదలో కాదన్నవాడికి, లాభంలో నాదనే హక్కు ఉండదు.