సార్ లేనప్పటి మాట

అడిగిన ప్రశ్నకు లింగమూర్తి మాస్టారు అప్పటికప్పుడు జవాబు చెప్పిన దాఖలా లేదు. ఆయన దగ్గర చదువుకుని, ఇప్పుడు అదే ఊరి డిగ్రీ కాలేజీలో పాలిటిక్స్ చెబుతున్న జోగారావుకు ఆ సంగతి తెలుసు. తెలిసినా ఆ ఉదయం ఆగలేకపోయాడు. తీరంలో కట్టబోయే పోర్టు అన్యాయమని క్లాసులో అన్నందుకు, ఆ పూటే అతను విచారణ కమిటీ ముందు నిలబడాలి. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు.

"నమ్మినది క్లాసులో చెప్పే స్వేచ్ఛ పాఠం చెప్పేవాడికి ఉందా, లేదా? ఒక్క మాటలో చెప్పండి మాస్టారూ," అన్నాడు.

"నీ క్లాసెప్పుడు?" అని అడిగి మాస్టారు చెప్పులు తొడుక్కున్నారు.

ఆయన వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నారు. ఇదే ఆఖరి పాఠమేమోనన్న భయం జోగారావును తరిమింది. ఎన్నడూ లేనంత ఆవేశంగా మాట్లాడాడు. పోర్టు వస్తే చేపల వేట పోతుందన్నాడు, ఊళ్లకు ఊళ్లే లేచిపోతాయన్నాడు. తలలన్నీ ఊగాయి. అందరికంటే ముందు నూకరత్నం తల ఊగింది. ఆమెది చేపలు పట్టే కుటుంబం. ఆ పిల్లను చూసినప్పుడల్లా తాను ఎవరి పక్షాన మాట్లాడుతున్నాడో గుర్తొచ్చి జోగారావుకు ధైర్యం కలిగేది.

పాఠం అయ్యాక మాస్టారు లేచి, "నువ్వు కాస్త స్టాఫ్‌రూముకు వెళ్లు," అన్నారు. జోగారావు బయటికైతే వచ్చాడు గాని అడుగు ముందుకు పడలేదు. వరండాలో కిటికీ పక్కనే నిలబడిపోయాడు.

"ఏమ్మా, అందరికంటే ముందు తల ఊపావు, పోర్టు గురించి నువ్వేమనుకుంటున్నావు?" లోపల మాస్టారి గొంతు.

నూకరత్నం లేచి నిలబడిన చప్పుడు.

"రావాలండి," అంది. "వేట గిట్టక మా అన్న ఎక్కడో పరాయి రేవులో కూలి చేస్తున్నాడు. ఇక్కడ పోర్టు వస్తే ఇంటికొచ్చేస్తాడు."

"మరి మీ సార్‌తో అనలేదేం?"

"అమ్మో! మీరూ చెప్పకండి. ఇంటర్నల్ మార్కులు సార్ చేతిలో ఉన్నాయి."

ఆ పిల్ల అనుకున్నది పొరపాటని జోగారావు ఇప్పటికీ వాదించగలడు. కాని ఆ గొంతులోని భయం పొద్దుట్నుంచీ తనలో ఉన్నదే.

అంతలో అటెండరు వచ్చి, "సార్, కమిటీవాళ్లు రమ్మంటున్నారు," అన్నాడు. మాస్టారు గదిలోంచి బయటికొచ్చి, కిటికీ పక్కన శిష్యుణ్ణి చూసి ఆశ్చర్యపోలేదు.

"అయితే నన్ను నోరు మూసుకోమంటారా మాస్టారూ?"

"నేనలా అన్నానా?" ఆయన అతని భుజం మీద చెయ్యి వేశారు. "వెళ్లు. అన్న మాట అన్నాననే చెప్పు. కాని, ఆ కమిటీ గదిలో నీకేది దొరికితే బాగుండునని ఇప్పుడింత ఆరాటపడుతున్నావో, అది నీ దగ్గర ఆ పిల్లకు దొరికిందేమో చూసుకో."