పెద్ద డ్రమ్ముకు కనపడని నేల

చంపావతి ఏటి ఒడ్డున ఉన్న మా డిగ్రీ కాలేజీలో సింహాద్రి అనే కుర్రాడు ఉండేవాడు. బ్యాండులో పెద్ద డ్రమ్ము వాయించడంలో అతని చెయ్యి ఎంత గట్టిదో, ఇతరుల పనిని తీసిపారెయ్యడంలో అతని నోరు అంత గట్టిది.

నేను అప్పట్లో ఆ కాలేజీలో డ్రిల్లు మాస్టారిని. బ్యాండు నా చేతికిందే ఉండేది. అందుకని ఈ కథలో కొంత తప్పు నాది కూడా. ముందే ఒప్పేసుకుంటున్నాను.

పెద్ద డ్రమ్ము సంగతి మీకు కాస్త చెప్పాలి. దాన్ని పట్టీలతో గుండెకు కట్టుకుని నడుస్తారు. వాయించేవాడికి ముందు నడిచేవాడి టోపీ తప్ప మరేమీ కనపడదు. తన కాళ్ళు తనకే కనపడవు. పైగా బ్యాండులో నడిచేటప్పుడు ఎవరూ కిందికి చూడకూడదని నియమం. ముప్పై మంది అడుగులూ ఆ డ్రమ్ము దెబ్బ మీదే పడాలి. ఆ దెబ్బ తప్పిందా, ఇక ఎవరి కాలు ఎక్కడ పడుతుందో దేవుడికే తెలియాలి.

ఆ ఏడు పంద్రాగస్టుకి జిల్లా కవాతులో ఒక కాలేజీ బ్యాండుకి చోటిస్తామన్నారు. ఎంపిక చెయ్యడానికి పోలీసు బ్యాండు మాస్టారు వస్తారని కబురొచ్చింది. సింహాద్రికి అది ఆఖరి సంవత్సరం. జిల్లా కవాతులో డ్రమ్ము వాయించాలని మూడేళ్ళుగా కలలు కంటున్నాడు. తిండీ నిద్రా మానేసి సాధన చేసేవాడు.

పొద్దున్నే మేం మైదానానికి వెళ్ళేసరికి ఎన్నెస్సెస్ పిల్లలు, అంటే కాలేజీ సేవాదళం వాళ్ళు, తట్టలూ పారలూ పట్టుకుని అక్కడ ఉండేవారు. వాళ్ళ నాయకురాలు జ్ఞానేశ్వరి. మాట నెమ్మది, పనిలో మాత్రం రాక్షసి. మేం రాగానే పక్కకి తప్పుకునేవారు. వాళ్ళేం చేస్తున్నారని నేను ఒక్కనాడూ అడగలేదు.

ఒకరోజు వాళ్ళు తప్పుకోవడం కాస్త ఆలస్యమైంది. సింహాద్రి విసుక్కున్నాడు.

"ఏటమ్మా, రోజూ మా దారికి అడ్డం? ఈ తట్టలూ పారలూ చూస్తే వచ్చిన ఆఫీసర్లు మమ్మల్ని కూడా మట్టి మోసేవాళ్ళనుకుంటారు," అన్నాడు.

"అనుకుంటే ఏటి? మట్టి మోస్తే చెయ్యి అరిగిపోద్దా?" అంది జ్ఞానేశ్వరి. "ఇంకా ఉత్తరం మూల మిగిలింది. పావుగంట ఆగు."

"మీ మూల మీరే ఉంచుకోండి. రేపటి నుంచి ఇటు రాకండి."

అంతటితో ఆగలేదు. నా దగ్గరికొచ్చి, "సార్, వాళ్ళని వేరే చోటికి పంపించండి. మా సాధన పాడవుతోంది," అన్నాడు. నేను కూడా వెనకా ముందూ చూడకుండా ఆ మాటే వాళ్ళ అధికారికి చెప్పాను. మర్నాటి నుంచి ఆ పిల్లలు ఆసుపత్రి ఆవరణ శుభ్రం చెయ్యడానికి వెళ్ళిపోయారు. సింహాద్రి మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

తర్వాత మూడు రోజులు ముసురు పట్టింది. శనివారం వాన తెరిపిచ్చాక పోలీసు బ్యాండు మాస్టారు వచ్చారు. మా వాళ్ళు తెల్లటి దుస్తుల్లో బారులు తీరారు. సింహాద్రి డ్రమ్ము మోగింది. ఇరవై అడుగులు బ్రహ్మాండంగా వేశారు. ఇరవై ఒకటో అడుగుకి సింహాద్రి కాలు నీళ్ళు నిండిన గుంటలో దిగిపోయింది. డ్రమ్ముతో సహా బోర్లా పడ్డాడు. దెబ్బ ఆగిపోయేసరికి వెనకవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఒక్క నిమిషంలో మా తెల్ల బ్యాండు కాస్తా బురద బ్యాండు అయిపోయింది.

పోలీసు మాస్టారు నవ్వలేదు. నేల వంక చూసి, "కిందటి నెల ఇటుగా వెళుతూ చూశాను. చాప పరిచినట్టుండేది. ఇన్ని గుంటలు ఎప్పుడు పడ్డాయి?" అని అడిగారు.

మా వాచ్‌మన్ జవాబు చెప్పాడు. "ప్రహరీ కూలిపోయింది కదా బాబూ. రోజూ గేదెలు దిగిపోతన్నాయి. నేల నానిపోయి గిట్ట పడ్డ చోటల్లా గుంటే. ఆ సేవాదళం పిల్లలు తెల్లారగట్ల వచ్చి కంకర పోసి తొక్కేవోరు. బ్యాండు బాబులే రావద్దన్నారని మానేశారు."

సింహాద్రి తల దించుకున్నాడు. నేను కూడా దించుకున్నాను.

"సోమవారం మళ్ళీ వస్తాను. అప్పటికీ అడుగు కుదరకపోతే వేరే కాలేజీని చూసుకుంటాను," అని పోలీసు మాస్టారు వెళ్ళిపోయారు.

సింహాద్రి చీలమండ గుమ్మడికాయలా వాచింది. డాక్టరు కట్టు కట్టి, మూడు వారాలు కాలు కదపొద్దన్నాడు. అంటే పంద్రాగస్టు కవాతు అతనికి లేనట్టే. మూడేళ్ళ కల అక్కడితో సరి. అయినా ఆ సాయంత్రమే ఒక స్నేహితుడి భుజం పట్టుకుని కుంటుకుంటూ సేవాదళం గదికి వెళ్ళాడు. నేనూ వెనకే వెళ్ళాను.

"జ్ఞానేశ్వరీ, తప్పు మాటన్నాను. నేనెలాగూ నడవలేను. బ్యాండు వాళ్ళయినా వెళ్ళాలి. సాయం చేస్తావా?" అన్నాడు.

నాలుగు దులుపుతుందనుకున్నాను. ఆమె అతని కాలు చూసి, "ముందు కూచో. నొప్పి తగ్గిందా?" అంది.

"మీ కోసమే పూడుస్తున్నామని ఒక్క మాట చెప్పొచ్చు కదా," అన్నాడతను.

"చెప్పాం. నీ డ్రమ్ము మోతలో నీకు వినపడలేదు," అని నవ్వింది. "నిజం చెప్పాలంటే, దూరం నుంచి ఆ మోత వినపడితేనే మాకు పని సాగేది. ఆసుపత్రిలో అది లేక చప్పగా ఉంది."

ఆదివారం సెలవైనా సేవాదళం పిల్లలు ఇరవై నలుగురు వచ్చారు. బ్యాండు పిల్లలూ తట్టలందుకున్నారు. నేనూ పార పట్టాను. సింహాద్రి ఒక కుర్చీలో కూచుని కంకరలో పెద్ద రాళ్ళు ఏరిపెట్టాడు. పొద్దు వాలేసరికి మైదానం చదునైంది.

సోమవారం సింహాద్రి డ్రమ్ము రెండో సంవత్సరం కుర్రాడు కట్టుకున్నాడు. పోలీసు మాస్టారు వచ్చి, "సలాము అందుకోవడానికి వేదిక దగ్గర ఎవరినైనా నిలబెట్టండి," అన్నారు. ఎప్పుడూ ప్రిన్సిపాల్ గారో, ఎవరో పెద్దమనిషో నిలబడేవారు. బ్యాండు ఆ పెద్దల ముందు నుంచి వెళుతూ తలలన్నీ ఒక్కసారి వాళ్ళవైపు తిప్పేది.

సింహాద్రి కర్ర ఊతంతో లేచి నా దగ్గరికొచ్చాడు. "సార్, ఆ సలాము వీళ్ళకి ఇప్పించండి," అన్నాడు. అతని చెయ్యి సేవాదళం పిల్లలవైపు ఉంది.

జ్ఞానేశ్వరి వద్దు వద్దంటూనే తన వాళ్ళతో వచ్చి నిలబడింది. వాళ్ళ చేతులకింకా ఎర్రమట్టే. డ్రమ్ము మోగింది. ముప్పై మంది తలలెత్తి, ఒక్క అడుగు తప్పకుండా నడిచి వచ్చారు. నేను గొంతెత్తి "దాహినే దేఖ్", అంటే కుడివైపు చూడమని, ఆజ్ఞ ఇచ్చాను. తలలన్నీ ఆ పిల్లలవైపు తిరిగాయి. పోలీసు మాస్టారు కూడా నిటారుగా నిలబడి వాళ్ళకి సెల్యూట్ చేశారు. మా బ్యాండును అక్కడికక్కడే ఎంపిక చేశారు. సింహాద్రి ఏడుస్తున్నాడు, కల పోయినందుకు కొంత, సంతోషంతో ఎక్కువ. నా కళ్ళూ తడిశాయి. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

నీతి: మనం తలెత్తుకుని నడవగలుగుతున్నామంటే, మనకంటే ముందు ఎవరో తల వంచి ఆ నేలను చదును చేశారన్నమాట; వాళ్ళెవరో తెలుసుకుని, మనం పడకముందే వాళ్ళకి దణ్ణం పెట్టాలి.