బరువు చూసే పూట

"మాస్టారూ, బాక్సింగ్ నేర్పినవాళ్లందరిలో గొప్పవాడెవరు?"

సింహాద్రి ఈ ప్రశ్న అడగడం మొదటిసారి కాదు. విశాఖపట్నం రేవుకి దగ్గర్లో, రేకుల షెడ్డులో నడిచే ఆ వ్యాయామశాలలో పదకొండేళ్లు దెబ్బలు తిన్నవాడతను. మూడేళ్లుగా లాజరు మాస్టారి పక్కన నిలబడి ఇతరులకు నేర్పడం నేర్చుకుంటున్నాడు. ఆ ప్రశ్న చెవిన పడగానే మాస్టారు ఉతికి ఆరేసిన చేతిపట్టీలు ఒళ్లో వేసుకుని ఒక్కొక్కటే చుట్టడం మొదలుపెట్టేవారు. ఆయనకు చెవుడేమీ లేదు. జవాబు చెప్పే ఉద్దేశమే లేదు.

ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర మాత్రం జవాబులకు కరువు లేదు. ఒకడు పతకాలు లెక్కపెట్టమనేవాడు. పుట్టు మొనగాణ్ణి మొనగాణ్ణి చెయ్యడంలో గొప్పేముంది, చెయ్యెత్తడం రానివాణ్ణి నిలబెట్టినవాడే గురువని ఇంకొకడు బల్ల గుద్దేవాడు. మరొకడు విదేశీ గురువుల పేర్లు చదివేవాడు, ఆ పేర్లు వాడికే సరిగ్గా నోరు తిరిగేవి కావు. అందరిలోకీ సింహాద్రి గొంతు పెద్దది. పదిమంది మహాగురువుల జాబితా అతని నాలుక చివర ఉండేది. తొమ్మిది పేర్లు చెప్పి ఆగేవాడు. పదోది ఎవరి కోసం ఖాళీగా ఉంచాడో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆ ఖాళీ నిండడానికి అతనికో దారి దొరికింది. పేరు నూకరత్నం. ఇరవై మూడేళ్ల పిల్ల, చేపల రేవులో ఐసు గంపలు మోసి గట్టిపడ్డ భుజాలు, భయం తెలియని కళ్లు. సింహాద్రి మొదటినుంచీ ఒంటిచేత్తో తయారుచేసిన మొదటి బాక్సర్. రాష్ట్ర పోటీల్లో గెలిస్తే జాతీయ పోటీలకు వెళ్తుంది. దరఖాస్తులో గురువు పేరు ఉండాల్సిన చోట సింహాద్రి తన పేరు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు. మాస్టారు చూసి, బాగుందన్నారు.

పోటీలకు ముందు మంగళవారం మాస్టారు చెల్లెలి మనవరాలి పెళ్లికి అనకాపల్లి వెళ్లారు. ఆ సాయంత్రం అభ్యాసంలో రత్నానికి చెవి వెనక గట్టి దెబ్బ తగిలింది. పడలేదు. తాళ్లు పట్టుకుని నిలబడి, "ఇది ఎన్నో రౌండన్నా?" అంది. సింహాద్రి చెప్పాడు. కాసేపటికి మళ్లీ అదే అడిగింది. ఆ దెబ్బ తేలికైంది కాదని అతనికి అర్థమైంది. కానీ పోటీలు శనివారం. "మొహం కడుక్కోమ్మా, సర్దుకుంటాది. మాస్టారికి చెప్పకు, ఊరికే కంగారు పడిపోతారు," అన్నాడు. ఆ రాత్రి తనకు తానూ అదే చెప్పుకున్నాడు.

శనివారం పొద్దున్న స్టేడియంలో బరువు చూసే పూట. బాక్సర్లకు అంతకంటే కఠినమైన పూట లేదు. యాభై నాలుగు కిలోల తరగతి అంటే యాభై నాలుగే, పైన వంద గ్రాములున్నా ఇంటికే. ముందురోజు మధ్యాహ్నం నుంచి అన్నం ముట్టరు, నీళ్లు పుక్కిలించి ఉమ్మేస్తారు. వాళ్లెదుట గురువులు కూడా ఏమీ తినకూడదని ఓ కట్టుబాటు. మాస్టారికి షుగరు, వేళకు తినకపోతే కళ్లు తిరుగుతాయి. అందుకని ఇంటినుంచి తెచ్చుకున్న టిఫిన్ డబ్బా పట్టుకుని, దొంగలా స్తంభం వెనక్కి వెళ్లి కూర్చున్నారు.

రత్నం వచ్చి ఆయన పక్కన చతికిలబడింది. "ఏటి తెచ్చారు మాస్టారూ?"

ఆయన మూత పెట్టెయ్యబోయారు. "బరువు చూసినాక తిందువుగాని."

"చూసీసారు కదా," అంది రత్నం తేలిగ్గా. "ఇందాకే అయిపోనాది."

హాలు మధ్యలో అధికారులు అప్పుడే తూకం యంత్రానికి తీగ కలుపుతున్నారు. అరవైమంది ఎండిన పెదాలతో వరసలో నిలబడి ఉన్నారు. మూడు వారాలు కడుపు మాడ్చుకున్న బాక్సర్ కన్నతల్లి పేరైనా మర్చిపోవచ్చు గాని, బరువు చూశారో లేదో మర్చిపోయే ప్రశ్నే లేదు. మాస్టారు ఆ పిల్ల మొహంలోకి కొంచెంసేపు చూశారు. తర్వాత డబ్బా ఆమె వైపు జరిపారు.

సింహాద్రి వెతుక్కుంటూ వచ్చేసరికి రత్నం నాలుగో ఇడ్లీ తింటోంది. పక్కన లీటరు నీళ్ల సీసా ఖాళీగా ఉంది.

"ఏటి చేసారు మాస్టారూ!" అని అరిచాడు. "మీ చేత్తో మీరే నా నోటి కాడ కూడు తీసీసారు కదా!"

"బరువు చూసీసారంటోందిరా," అన్నారు మాస్టారు. "ఎప్పుడు చూశారో అడుగు."

సింహాద్రి అడగలేదు. తాళ్లు పట్టుకుని ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగిన రత్నం అతనికి గుర్తొచ్చింది. ముగ్గురూ ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్లారు.

అక్కడ డాక్టరమ్మ రత్నం కళ్లలోకి టార్చి వేసి, తలకు స్కానింగ్ తీయించి, "దెబ్బ ఎప్పుడు తగిలింది?" అంది. రత్నానికి గుర్తు లేదు. సింహాద్రి వైపు చూసింది. మాస్టారు ఎవరి వైపూ చూడలేదు, గోడమీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నారు.

"మంగళవారం," అన్నాడు సింహాద్రి. "నేను అక్కడే ఉన్నానండి."

డాక్టరమ్మ రాసుకుంది. మెదడు అదిరిందనీ, రెండు నెలలు రింగు గడప తొక్కకూడదనీ చెప్పింది. "దీనిమీద ఇంకో దెబ్బ పడి ఉంటే..." అని మొదలుపెట్టి, రత్నం వింటోందని ఆపేసింది.

రత్నం వసారాలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. "ఒక్క పోటీ ఆడనిచ్చీవలిసింది మాస్టారూ. మళ్లీ ఏడాది దాకా లేదు కదా!" మాస్టారు ఆమె తలమీద చెయ్యి వేసి, ఏడుపు తీరేదాకా తియ్యలేదు. ఆయన కళ్లూ తడిగానే ఉన్నాయి. ఆ పిల్ల ఆ పోటీ కోసం ఎంత కష్టపడిందో ఆయనకు తెలియంది కాదు.

మర్నాడు టీ కొట్టు దగ్గర వాదన కొత్త మలుపు తిరిగింది. "లాజరు మాస్టారికి మతి పోనాది. బరువు చూసే పూట ఇడ్లీలు తినిపించీసాడట! గురువట, గురువు!" అని ఒకడు అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. నలభై ఏళ్లు రింగు పక్కన నిలబడ్డ మనిషి ఒక్క పూటలో ఆ బల్లమీద నవ్వులపాలైపోయాడు.

సింహాద్రి టీ గ్లాసు అక్కడే వదిలేసి షెడ్డులోకి పరుగెత్తాడు. రాత్రంతా నిద్రలేని మొహం. "నేనోర్చుకోలేను మాస్టారూ. ఇప్పుడే వెళ్లి మీరెందుకు పెట్టారో అందరికీ చెప్పీస్తాను. గొప్ప గురువుల్లో మొదటి పేరు మీదేనని ఒప్పించి తీరతాను."

"చెప్పు నాయనా," అన్నారు మాస్టారు.

సింహాద్రి గుమ్మం దాకా వెళ్లాడు. వెనకనుంచి ఆయన మెల్లగా పిలిచారు. ఆ గొంతులో కోపం లేదు.

"ఇడ్లీల కాడ మొదలెట్టకురా. మంగళవారం కాణ్ణించి చెప్పు."