ఇరవై రెండో ప్రకరణం

మస్తానయ్య మాస్టారిని ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పరు. ఏదో ఒక చిన్న పని అప్పజెబుతారు. ఆ పని చేసుకుంటూ పోతే జవాబు దారిలో ఎక్కడో కాలికి తగులుతుందని ఆయన నమ్మకం. కొందరికి తగిలేది. కొందరు పని మధ్యలో వదిలేసి వెళ్లిపోయేవారు. ఆయన ఎవరినీ వెనక్కి పిలిచేవారు కాదు.

ఆయన ఇల్లు బాపట్లలో, రైలు పట్టాలకు కూతవేటు దూరంలో ఉంది. ముప్పై నాలుగేళ్లు తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యాక, పరుపులూ దుప్పట్లూ దాచుకునే గదికి, బయటి చప్పుడు లోపలికి రాకుండా, గోడల నిండా బొంతలు వేలాడదీసి, దాన్ని చదివే గదిగా మార్చారు. రాసినవారు పోయి అరవై ఏళ్లు దాటితే ఆ పుస్తకం అందరిదీ అవుతుంది. అలాంటి పాత పుస్తకాలను ఆయనా, ఆయన దగ్గర చదవడం నేర్చుకున్న ఆరుగురూ పైకి చదివి, రికార్డు చేసి, ఇంటర్నెట్లో పెట్టేవారు. ఎవరైనా ఎక్కడినుంచైనా ఊరికే వినవచ్చు. చదివినవారికి దక్కేదేమీ లేదు, చివర పేరు చెప్పుకోవడం తప్ప.

గూడ్సు బండి వస్తే వాక్యం మధ్యలోనైనా ఆగిపోవాలి. బండి వెళ్లాక ఆ వాక్యాన్ని మళ్లీ మొదటినుంచి అందుకోవాలి. "గూడ్సు వచ్చినప్పుడే మా ఇంట్లో పప్పు ఉడకాలమ్మా. కుక్కర్ కూత వేసిందంటే, రికార్డులోంచి రైలు చప్పుడును కోసినట్టు ఈయన నన్ను కూడా కోసి పారేస్తారు," అనేవారు మాస్టారి భార్య సాంబ్రాజ్యమ్మగారు.

మాస్టారు పెట్టిన నియమం ఇంకొకటి ఉంది. ప్రతి ప్రకరణం చివరా, చదివినవారు తరువాతి ప్రకరణం పేరు చెప్పి, ఆపైన తమ పేరూ ఊరూ చెప్పి ముగించాలి. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఆ ఆరుగురిలో చిన్నది విరజ. ఇరవై నాలుగేళ్లది. రొయ్యల మేత కంపెనీ ఆఫీసులో ఉద్యోగం. ఎవరూ పిలవకుండానే ఒక ఆదివారం సైకిలు మీద వచ్చి, "నేనూ చదువుతానండి," అని నిలబడింది. అంకెలంటే ఆ పిల్లకు మంచినీళ్లు తాగినంత తేలిక. ఏ ప్రకరణాన్ని ఎన్నిసార్లు విన్నారో వెబ్‌సైటు చూపిస్తుందని కనిపెట్టింది కూడా ఆమే. చివరిదాకా వింటేనే అంకె పెరుగుతుంది, మధ్యలో ఆపేస్తే పెరగదు. విన్నదెవరో, ఏ ఊరివారో మాత్రం అది చెప్పదు. కింద ఉత్తరం రాయడానికి చోటుంది. విరజ రోజూ పొద్దున్నే, పళ్లు తోముకోవడానికి ముందే, ఆ చోటు తెరిచి చూసుకునేది. రెండేళ్లలో ఒక్క ఉత్తరం రాలేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆగస్టు నెలాఖరున ఆమె ఒక కాగితం పట్టుకుని మాస్టారి ఎదుట కూర్చుంది. అప్పటికి ఆమె ఒక పాత నవల చదువుతోంది. వందేళ్ల కిందటిది, అచ్చులో దొరక్క యాభై ఏళ్లయింది. మొత్తం ముప్పై ఒక్క ప్రకరణాలు. తప్పిపోయిన అన్న కోసం ఒక చెల్లెలు కాలవ వెంట ఊరూరూ తిరిగే కథ.

"మొదటి ప్రకరణం నాలుగు వందల పన్నెండు, మాస్టారూ. ఐదోది నూట పద్దెనిమిది. పదోది ముప్పై ఏడు. ఇరవయ్యోదానికి రెండు. ఇరవై ఒకటికి, ఇరవై రెండుకి ఎంతో చెప్పనాండి?"

"చెప్పమ్మా."

"ఒక్కరండి, మాస్టారూ. ఒకే ఒక్కరు." ఆమె కాగితం తిప్పింది. వెనకా అంకెలే. "ఒక ప్రకరణం చదివి, రైళ్ల చప్పుడు కోసి, మళ్లీ విని సరిచూసేసరికి ఆరు గంటలు పడుతోంది. ఇంకా తొమ్మిది ఉన్నాయి. యాభై నాలుగు గంటలు. అదే సమయంలో చిన్న కథలు పద్దెనిమిది చదవొచ్చు. ఒక్కోటీ రెండు వందలమంది వింటారు. ఒక్కరి కోసం యాభై నాలుగు గంటలు చదవాలాండి? మీరే చెప్పండి."

ఆయన వాదిస్తారనుకుంది. దానికి తగ్గట్టు ఇంకో కాగితం కూడా సిద్ధం చేసుకుని వచ్చింది. మాస్టారు మాత్రం తల ఊపారు.

"ఆపెయ్యమ్మా. చిన్న కథలు చదువుకో."

అంత తేలిగ్గా ఆయన ఒప్పుకునేసరికి విరజకు ఎక్కడో చివుక్కుమంది.

"ఒక్క పని మాత్రం చెయ్యి," అన్నారాయన. "నెలాఖరుకు ఒకసారి ఈ నవల లెక్క రాసి తీసుకురా. ప్రకరణాలన్నిటివీ."

సెప్టెంబరు వెళ్లింది. చిన్న కథలు బాగానే సాగుతున్నాయి. నెలాఖరున లెక్క రాస్తుంటే ఒక వింత కనిపించింది. ఇరవై రెండో ప్రకరణం ఒకటి నుంచి ఇరవై నాలుగుకు పెరిగింది. అక్టోబరు నెలాఖరుకు నలభై ఏడు. నవంబరు నెలాఖరుకు అరవై మూడు. ఆ కాగితం పట్టుకుని ఆమె దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది.

"చూశారా మాస్టారూ! అరవై మూడు! ఎవరో ఎక్కడో మంచి మాట చెప్పి ఉంటారు. ఆ ప్రకరణం నేను బాగా చదివానండి, నాకు తెలుసు. రేవులో ఆమె ఎదురుచూసే ఘట్టం కదా. ఏడుపొచ్చి రెండుసార్లు ఆపాను కూడా."

"అరవై మూడుమందా!" అని సాంబ్రాజ్యమ్మగారు వంటింట్లోంచి తొంగిచూశారు. "అయితే ఈ పిల్లకు కాఫీ ఇవ్వాల్సిందే."

మాస్టారు కాగితం అందుకోలేదు. "ఇరవై ఒకటోది ఎంత?" అన్నారు.

"ఒకటి."

"ఇరవయ్యోది?"

"రెండే అండి. అది మారలే..."

ఆమె మాట అక్కడే ఆగిపోయింది. అంకెలు తెలిసిన పిల్ల. కింది మెట్లు ఎక్కకుండా పై మెట్టు మీద అరవై మూడుమంది ఎలా నిలబడతారు? వచ్చింది అరవై మూడుమంది కాదు.

ఫోను తీసి, రోజువారీ పట్టిక తెరిచింది. సెప్టెంబరు ఒకటి నుంచి దాదాపు ప్రతిరోజూ ఒకటి. ఏ రోజూ రెండు లేవు. ఏదైనా యంత్రమేమో అనుకుంది. అక్టోబరులో తుఫాను వచ్చి మూడు రోజులు కరెంటు పోయినప్పుడు వరుసగా మూడు సున్నాలు. యంత్రానికి తుఫానుతో పనేమిటి? ఆ వాన ఈ మనిషి ఇంటి మీదా కురిసింది. ఇక్కడే, ఈ తీరంలోనే, ఎక్కడో.

పట్టిక కిందికి జరిపింది. నవంబరు పంతొమ్మిదిన ఒకటి. ఆ తరువాత ఏమీ లేదు. పదకొండు రోజులుగా సున్నాలే. నెలాఖరున మొత్తం అంకె ఒక్కటే చూసుకుంది గాని, ఏ రోజున ఆగిందో ఆమె గమనించనేలేదు.

"కాఫీ చల్లారిపోతోందే," అన్నారు సాంబ్రాజ్యమ్మగారు.

విరజ కాఫీ తాగలేదు. బొంతల గదిలోకి వెళ్లి, అక్కడ దాచి ఉంచిన రికార్డులో ఇరవై రెండో ప్రకరణం చివరి నిమిషం పెట్టుకుని వింది. కాలవ గట్టు మీద చెల్లెలు నిలబడి ఉంది. సరంగులు తాడు పట్టి లాగుతుంటే పడవ వంపు తిరిగి వస్తోంది. పడవలో నలుగురు మనుషులున్నారు. ముఖాలు ఇంకా ఆనవాలు తెలియడం లేదు. ఆమె గట్టు దిగి మోకాలి లోతు నీళ్లలోకి నడిచింది. అంతే, ప్రకరణం అయిపోయింది. ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ తరువాత విరజ గొంతే, ఎంతో నిబ్బరంగా, ఎంతో దగ్గరగా:

"తరువాతి ప్రకరణం, పడవ దిగినవారు. చదువుతున్నది విరజ, బాపట్ల."

ఆ మాట తను చెప్పిన సంగతే ఆమెకు గుర్తులేదు. చెప్పి, లేచి వచ్చేసింది. ఆ మాట పట్టుకుని ఎవరో మళ్లీ అరవై రెండుసార్లు వచ్చారు. ఇవాళైనా తరువాతిది వచ్చి ఉంటుందేమోనని వచ్చి, లేకపోతే ఉన్నదాన్నే మొదటినుంచి చివరిదాకా విని వెళ్లారు. ఆ ప్రకరణం ముప్పై ఒక్క నిమిషాలు. అలవాటు కొద్దీ మనసు గుణించేసింది. ముప్పై రెండు గంటలు. ఒక మనిషి ముప్పై రెండు గంటలు ఆ రేవులో నిలబడ్డారు. యాభై నాలుగు గంటలు ఎక్కువని ఇటు తను లేచి వచ్చేసింది.

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి ఇరవై మూడో ప్రకరణం చదివింది. సాయంత్రానికి అది వెబ్‌సైటులో ఉంది. మూడు రోజులు చూసింది. సున్న. ఇరవై నాలుగు చదివింది. సున్న. ఇప్పుడు పొద్దున్నే లేవగానే ఆమె తెరిచేది ఉత్తరాల చోటు కాదు, ఆ అంకె. ఆ మనిషికి ఒంట్లో బాగాలేదేమో. ఊరు మారారేమో. ఫోను పాడైందేమో. విసిగి, ఇంక రాదని తెలుసుకుని, మానేశారేమో. అంతకన్నా పెద్ద సంగతేదైనా జరిగిందేమో అన్న ఆలోచన వచ్చినప్పుడు మాత్రం ఆమె గబగబా పుస్తకం తెరిచేది.

వారానికి మూడు ప్రకరణాల చొప్పున చదువుతోంది. ఒకరోజు గదిలోంచి బయటికి వచ్చి గుమ్మంలో కూర్చుండిపోయింది.

"అప్పుడు ఒక్కరైనా ఉన్నారండి, మాస్టారూ. ఇప్పుడు ఒక్కరూ లేరు."

"మరి లోపల ఏం చేస్తున్నావమ్మా?"

"ఇరవై ఏడు చదువుతున్నానండి."

దూరంగా గూడ్సు కూత వినపడితే మాస్టారు లేచి వెళ్లి, బొంతల గది కిటికీ రెక్క కాస్త వదులుగా ఉంటే దగ్గరికి నొక్కి, గడియ పెట్టి వచ్చారు. బండి వెళ్లిపోయాక విరజ మళ్లీ లోపలికి నడిచింది.

డిసెంబరు ఇరవై ఒకటిన ముప్పై ఒకటో ప్రకరణం ముగిసింది. అంతా కలిపి చూసుకుంటే యాభై ఒక్క గంటలే పట్టింది. మూడు గంటలు మిగిలాయి. ఆ మిగులుతో ఏం చేయాలో ఆమెకు తోచలేదు. చివర చెప్పడానికి తరువాతి ప్రకరణం పేరేమీ లేదు. ఊరికే తన పేరూ ఊరూ చెప్పి, చెప్పాక కూడా కాసేపు రికార్డు ఆపకుండా అలాగే కూర్చుంది.

మూడు రోజుల తరువాత, మధ్యాహ్నం ఆఫీసులో టిఫిన్ డబ్బా తెరుస్తూ, ఎడమచేత్తో ఫోను చూసింది. ఇరవై రెండో ప్రకరణం: అరవై నాలుగు.

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ముప్పై అయిదు రోజుల తరువాత ఆ మనిషి వచ్చారు. వచ్చి, పాత అలవాటు కొద్దీ, అదే రేవుకు వెళ్లి నిలబడ్డారు. ఇరవై మూడుకు ఎదురుగా సున్న. కింద కొత్తగా తొమ్మిది ఉన్నాయని చూశారా? చూడకుండానే, ఎప్పటిలాగే, ఫోను పక్కన పెట్టేసి వెళ్లిపోయారా? "ఉన్నాయండీ, కిందికి చూడండీ," అని విరజ పైకే అంది. పక్క కుర్చీలో ఆవిడ ఉలిక్కిపడి తన అన్నంలోకి చూసుకుంది.

ఇరవై మూడో ప్రకరణం ఇరవై ఆరు నిమిషాలు. ఆ సంగతి విరజకు తెలిసినంత బాగా ప్రపంచంలో ఇంకెవరికీ తెలియదు. గోడ గడియారం కింద నిలబడింది. పది నిమిషాలు. ఈపాటికి పడవ గట్టుకు తగిలి ఉంటుంది. పదిహేను. మొదటి మనిషి దిగి ఉంటాడు. ఇరవై. రెండోవాడు, మూడోవాడు. ఇరవై ఆరు. ఫోను తెరిచింది. సున్న. కళ్లు మూసుకుని అరవై దాకా లెక్కపెట్టి మళ్లీ తెరిచింది.

ఇరవై మూడో ప్రకరణం: ఒకటి.

అయిదు గంటలకు ఆఫీసు వదలగానే సైకిలు తీసింది. లెవెల్ క్రాసింగు దగ్గర గేటు పడి ఉంటే, సైకిలు కింది నుంచి దూర్చబోయి గేటుమన్ చేత చివాట్లు తిని, బండి పోయేదాకా ఆగింది. ఇంటికి వచ్చేసరికి మాస్టారు వరండాలో కూర్చుని ఏదో పాత పుస్తకానికి అట్ట వేసుకుంటున్నారు.

"విన్నారండి!" అంది సైకిలు దిగకుండానే. "నేను బయల్దేరేసరికి ఇరవై తొమ్మిదో ప్రకరణం కూడా అయిపోయింది. ఆగకుండా వింటున్నారు. ఇప్పుడు కూడా వింటూనే ఉంటారు."

"ఎవరంట?" అన్నారు సాంబ్రాజ్యమ్మగారు గుమ్మంలోంచి. "ఏ ఊరంట? ఏమైనా రాశారా?"

"ఏం రాయలేదండి. ఎవరో తెలియదు. ఎప్పటికీ తెలియదేమో కూడా." చున్నీ చెంగుతో కళ్లు ఒత్తుకుంది. మాస్టారి వైపు తిరిగి, చూపుడు వేలు ఒకటి పైకెత్తి, దాన్ని తనే నమ్మలేనట్టు చూసుకుంది.

"ఒక్కరండి, మాస్టారూ. ఒకే ఒక్కరు!"

మస్తానయ్య మాస్టారు అట్ట అంచు మడతపెట్టి, గోటితో నొక్కి సరిచేశారు.

"ఆగస్టులోనూ నువ్వు ఈ మాటే అన్నావమ్మా," అన్నారు.