పిచ్చుకలు వాలని కుచ్చు

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో ఆదెమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ మొగుడు గవర్రాజు. వాళ్ళకో చిన్న కూతురు, అచ్చం నీలాగే, పడుకోమంటే పడుకునేది కాదు. వాళ్ళకున్నదల్లా ఒక్క వరిమడి, ఒక గేదె.

కోతలయ్యాక ఆదెమ్మ ఏటా మంచి కంకులు ఏరి, జడలా అల్లి, కుచ్చు కట్టి చూరుకి వేలాడదీసేది. అది పిచ్చుకల పాలు. పిచ్చుకలు తింటే దేవుడు తిన్నట్టేనని వాళ్ళమ్మ చెప్పింది.

ఆ ఏడు మాత్రం ఒక్క పిచ్చుకా వాలలేదు. ఎందుకని అడక్కు, నాకూ తెలీదు. పక్కింటి సుబ్బాయమ్మ ఊరుకుంటుందా? పిచ్చుక కూడా ముట్టని ఇల్లని బావి దగ్గర అందరికీ చెప్పింది. ఆదెమ్మకి గుండెల్లో రాయి పడింది.

ఆ తర్వాత గవర్రాజు తాటాకు కొట్టబోయి చెట్టు మీంచి పడ్డాడు. కాలు విరిగి మంచాన పడితే ఇంట్లో గంజే గతి అయింది. నారు పోసినవాడు నీరు పోయడా అంటూ ఆదెమ్మ గట్ల మీద తోటకూర కోసుకొచ్చి వండింది.

ఆ తర్వాత గేదె వట్టిపోయింది. పిల్ల ఆకలేసి ఏడ్చి, చూరుకున్న కుచ్చు దించి దంచమంది. ఆదెమ్మ పీట వేసుకుని ఎక్కింది, చెయ్యి కూడా చాచింది. అప్పుడు, దేవుడి చేతిలో పెట్టింది మళ్ళీ లాక్కుంటామా అనిపించి దిగిపోయింది. ఆ పూట సుబ్బాయమ్మే సణుక్కుంటూ గిన్నెడు అంబలి తెచ్చింది. చూశావా, ఆవిడ నోరే చెడ్డది.

ఆ తర్వాత ఏరు పొంగింది. అందరూ మెరకకి పోయి తలదాచుకున్నారు. నీళ్ళు తీశాక వచ్చి చూస్తే, ఆకలేసినా ముట్టకుండా కుండలో దాచుకున్న విత్తనాల వడ్లు కుళ్ళి కంపు కొడుతున్నాయి. విత్తనం లేకపోతే మడి బీడు. మడి బీడైతే ఇక ఊరు విడిచి పోవడమే.

“నీరు పోస్తాడన్నావుగా ఆదెమ్మా, బాగానే పోశాడు” అంది సుబ్బాయమ్మ.

అప్పుడు ఆదెమ్మకి మొదటిసారి దేవుడి మీద కోపం వచ్చింది. నేను పెట్టింది ముట్టనైనా ముట్టలేదు కదయ్యా అని ఏడుస్తూ తల పైకెత్తింది.

కుచ్చు చూరుకి అలాగే ఉంది. నీటి చార దానికి జానెడు కిందే ఆగిపోయింది. ఒక్క గింజ రాలలేదు, ఒక్క గింజ తడవలేదు.

ఆదెమ్మ పీటెక్కి కుచ్చుని రెండు చేతులా పట్టుకుంది.

“తినలేదనుకున్నాను. దాచిపెట్టావా తండ్రీ” అంది.

ఒక్క కంకి మళ్ళీ చూరుకే కట్టి, మిగతావి నారు పోసింది. మడంతా వచ్చిందా అంటే రాలేదు, సగం మడికే సరిపోయింది. ఆ సగమే వాళ్ళని ఊళ్ళో నిలబెట్టింది. గవర్రాజు కూడా కర్ర పట్టుకుని లేచి, నాట్లకి గట్టు మీద నిలబడ్డాడు.

నాటిన మడి పచ్చబడిన పొద్దున, చూరు దగ్గర కిచకిచమని వినబడింది. పిచ్చుక! ఆదెమ్మ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ కోతలకి సుబ్బాయమ్మ కంకులు పట్టుకొచ్చి, కుచ్చు అల్లడం నేర్పమంది.

గింజ పిచ్చుకకి, పిచ్చుక గూటికి,
కథ కంచికి, కునుకు నీ కంటికి.