తాతగారి పాదధూళి

ఏ కాలంలో జరిగిందో అడగకండి, నాకూ తెలియదు. కొండలకు ఇవతల, ఏటికి అవతల ఒక రాజ్యం ఉండేది. ఉద్దండభూపతిగారు దాని ప్రభువు. మనిషి చెడ్డవారు కాదు. కాకపోతే తమ వంశం గొప్ప చెప్పుకోవడం మొదలుపెడితే, ఎదుటివాడికి ఆవలించడానికి కూడా సందు ఇచ్చేవారు కాదు.

ఆ గొప్పంతా కొలువుకూటంలోని తివాచీలో ఉండేది. సింహాసనం మెట్ల కింద మొదలై సింహద్వారం దాకా పరుచుకున్న ఆ తివాచీని రాజుగారి తాత శరభభూపతిగారు నేయించారు. ఆయన యుద్ధాలు గెలిచి వచ్చి దానిమీద నడిచారట. ఆ పాదధూళి ఇంకా అందులోనే ఉందట. అందుకని దాన్ని దులపకూడదు, ఉతకకూడదు, ఎండలో వేయకూడదు. చీపురు తగిలితే మహాపరాధం.

తాత పోయారు, తండ్రి పోయారు, తివాచీ మాత్రం వేసింది వేసినట్టే ఉంది. బూడిదా బురదా కలిసినట్టున్న దాని రంగుకు వంశవర్ణమని పేరుపెట్టి, జెండాలకూ తలపాగాలకూ అదే అద్దించారు. రాజుగారు రోజూ కొలువుకు రాగానే మెట్లు దిగి, వంగి, ఆ దుమ్ము వేలితో తీసి నుదుట పెట్టుకునేవారు. సభ మొత్తం చేతులు జోడించేది. నాకైతే తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది.

దుమ్ము ఉన్నచోట తుమ్ము ఉండదా? తుమ్ముతో మనకుండే పేచీ మీకు చెప్పాలా? పని మొదలుపెట్టే వేళ ఒక్క తుమ్ము వినబడితే ఆ పని ఇక ఆ పూటకు లేదు. ఏటి గట్టు బాగుచేయించమని రాజుగారు నోరు తెరవబోతే ఎవరో తుమ్మారు. మాట ఆగింది, వానలొచ్చి గట్టు తెగింది. పన్ను తగ్గించమని వచ్చిన రైతు, తన అర్జీ చదివే వేళకు తానే తుమ్మి, తల బాదుకుంటూ ఇంటికి పోయాడు. రాజ్యంలో ఒక్క పనీ సాగడం లేదు.

రాజపురోహితుడు శంభుశాస్త్రి బాగా ఆలోచించి, "ఇది శత్రువుల పన్నాగం, మహాప్రభూ. తుమ్మేవాళ్లను మనమీదికి పంపుతున్నారు" అని తేల్చాడు.

రాజుగారు మీసం దువ్వి ఆజ్ఞ ఇచ్చారు. ఇకమీదట కొలువులో తుమ్మినవాళ్ల ముక్కు అక్కడికక్కడే కోయించాలి. "నా కన్నకొడుకైనా సరే, దేవేంద్రుడే దిగివచ్చినా సరే" అన్నారు. కత్తి పట్టుకున్న తలారిని ఒకణ్ని సభలోనే నిలబెట్టారు.

మర్నాడు రాజకుమారి పెళ్లి ముహూర్తం చదవాలి. సభ కిటకిటలాడుతోంది. ఊపిరి పీల్చడానికి కూడా జనం జంకుతున్నారు. శాస్త్రి గొంతు సవరించుకుని, "స్వస్తిశ్రీ" అన్నాడో లేదో, సింహాసనం పక్కనుంచి పెద్దగా ఒక తుమ్ము వినబడింది.

తుమ్మింది నాంచారమ్మ. రాజుగారికి తాంబూలం అందించే ముసలావిడ. పసితనంలో తల్లిని పోగొట్టుకున్న రాజుగారిని చంకనెత్తుకుని పెంచింది ఆమే. ఆమె చేతిలోని వెండి పళ్లెం కిందపడి తమలపాకులు చెల్లాచెదరయ్యాయి.

"ఆపుకున్నాను బాబూ. ఆగలేదు" అంది నాంచారమ్మ.

రాజుగారి ముఖం పాలిపోయింది. ఆమె వైపు చూడలేక పైకప్పు వైపు చూశారు. "మాట మాటే. రాజన్నవాడు తనవాళ్లకోసం ఆజ్ఞ మార్చుకుంటే వంశానికే మచ్చ. కానివ్వండి" అన్నారు.

తలారి కత్తి దూశాడు. పాపం, ఆ ముసలావిడ పారిపోనైనా లేదు. కొంగుతో ముక్కు తుడుచుకుని, ఎక్కడ నిలబడమంటావు నాయనా అని వాణ్నే అడిగింది. ఒక్కరైనా అడ్డం పడ్డారా అంటే పడలేదు. అంతమంది పెద్దమనుషులూ తమ ముక్కులు తడుముకుంటూ కూర్చున్నారు. నాకు ఇప్పటికీ వాళ్లమీద కోపం పోలేదు.

అప్పుడు లేచాడు గుండన్న. కొలువులో అతని ఉద్యోగం రాజుగారిని నవ్వించడం. ఆ పూట మాత్రం ముఖాన నవ్వు లేదు.

"ప్రభూ, ముక్కు కోస్తే నెత్తురు పడుతుంది. పడేది తాతగారి పాదధూళిమీద. అంత పాపం మూటగట్టుకోబోయే ముందు తాతగారికి ఒక్కసారి క్షమాపణ చెప్పుకోనివ్వండి."

ఆ మాటకు రాజుగారే ఉలిక్కిపడ్డారు. శాస్త్రి కూడా కాదనలేక, "ధర్మమే" అని గొణిగాడు.

గుండన్న సింహాసనం మెట్ల దగ్గరికి వెళ్లి తివాచీమీద సాష్టాంగపడ్డాడు. "తాతగారూ, మమ్మల్ని మన్నించండి" అంటూ రెండు అరచేతులతో తివాచీని బాదడం మొదలుపెట్టాడు. భక్తి ఎక్కువైన కొద్దీ దెబ్బలూ ఎక్కువయ్యాయి. తాత కాలం నాటి దుమ్ము మొదటిసారి కదిలింది. ముందు పొగలా లేచింది, తరువాత శాస్త్రిని కప్పేసింది, ఆపైన మెట్లెక్కి సింహాసనం దాకా పోయింది. గుండన్న మాత్రం ఊపిరి బిగబట్టి బాదుతూనే ఉన్నాడు.

రాజుగారి కళ్లు మూతపడ్డాయి. నోరు తెరుచుకుంది. కిరీటం పక్కకు ఒరిగిపోయేంత గట్టిగా ఆయన తుమ్మారు.

ఇక ఆ సభను చూడాలి. ఎత్తిన చేతులు ఎత్తినట్టే, తెరిచిన నోళ్లు తెరిచినట్టే ఉండిపోయాయి. శాస్త్రి స్తంభం చాటుకు జరిగాడు. తలారి అమాయకుడు, ఆజ్ఞ తప్ప ఇంకేమీ తెలియనివాడు. నాంచారమ్మను వదిలేసి, రాజుగారి వైపు ఒక అడుగు వేసి, ఏం చేయమంటారన్నట్టు ఆయన ముఖంలోకే చూశాడు. మహారాజు రెండు చేతులతో ముక్కు మూసుకున్నారు. దేవేంద్రుడే దిగివచ్చినా సరే అన్న మాట ఆ నోటివెంట వచ్చిందేనని ఆయనకు గుర్తుకొచ్చినట్టుంది.

"ఆగవయ్యా" అన్నాడు గుండన్న, దుమ్ములోంచి లేచి. "ఆ తుమ్ము ప్రభువులది కాదు."

"నాది కాదా?" అన్నారు రాజుగారు, ముక్కు వదలకుండానే.

"కాదు ప్రభూ, తాతగారిది. ఊళ్లు తిరిగిన వీరుణ్ని ఇన్నాళ్లుగా ఒక గదిలో మూసిపెట్టాం. గాలి లేదు, ఎండ లేదు. దొరికిన ముక్కులోకల్లా దూరి, నన్ను బయటికి తీసుకెళ్లండ్రా అని కేకలు వేస్తున్నారు. మనం వాటిని తుమ్ములనుకున్నాం. నాంచారమ్మ ముక్కులోంచి పలికిందీ ఆయనే. ఇప్పుడు ముక్కు కోస్తే కోసింది తాతగారి గొంతే అవుతుంది."

రాజుగారు నాంచారమ్మ ముక్కు వైపు చూశారు. తన ముక్కు తడిమి చూసుకున్నారు. కత్తి ఒరలో పెట్టమని తలారికి సైగ చేశారు. అప్పటికిగాని సభ ఊపిరి వదల్లేదు.

"అయితే తివాచీని బయటికి తీసుకెళ్లి కర్రలతో బాదిస్తావా? అది తాతగారిని కొట్టినట్టు కాదూ?" అన్నాడు శాస్త్రి స్తంభం చాటునుంచి.

"కొట్టడమేమిటి శాస్త్రిగారూ, ఆయనకు దారి చూపడం. వద్దంటే చెప్పండి, ఇంకోసారి క్షమాపణ చెప్పుకుంటాను" అని గుండన్న మళ్లీ వంగబోయాడు.

"వద్దు వద్దు, ఎత్తించండి" అన్నారు రాజుగారు.

తివాచీ అంచు ఎత్తగానే జనం కెవ్వుమన్నారు. కింద ఎండిన తమలపాకులు, ఎవరి పెళ్లివో అక్షింతలు, పిల్లాపాపలతో కాపురముంటున్న ఎలుకలు. తివాచీని ఏనుగుల శాల ముందు దూలాలకు వేలాడదీసి వెదురు బెత్తాలతో బాదితే ఏనుగులు కూడా తుమ్మాయి. దుమ్ము రాలడం ఆగాక ఏటి ఒడ్డుకు మోసుకెళ్లి, కుంకుడు నురగ పోసి కొబ్బరి పీచుతో రుద్దారు. గుండన్న కూడా నడుంలోతు నీళ్లలో దిగాడు. నల్లటి నీళ్లు పోయి పోయి చివరికి తేటపడ్డాయి. అప్పుడు తేలింది అసలు రంగు. చిలకపచ్చ, దానిమీద ఎర్రటి దానిమ్మ పువ్వులు.

బురద రంగు తలపాగాలు చుట్టుకున్న సభలోవాళ్లు ఒకరి తలలు ఒకరు చూసుకున్నారు. కొందరు మెల్లగా తలపాగాలు తీసి చంకలో పెట్టుకున్నారు.

ఆరిన తివాచీని మళ్లీ కూటంలో పరిచాక రాజుగారు దాన్ని చూస్తూ నిలబడిపోయారు. రాజవంశం వారి ద్వారం సింహాసనం వెనక ఉంది. అక్కడినుంచి వచ్చి సింహాసనంమీద కూర్చోవడమే వాళ్ల ఆనవాయితీ. జనం వచ్చేది ఎదుటి సింహద్వారంనుంచి. ఆ ద్వారంనుంచి మెట్ల దాకా, మనుషులు నడిచినంత మేరా తివాచీ అరిగిపోయి నూలు పోగులు కనబడుతున్నాయి. మెట్ల కింద, రోజూ ఆయన దుమ్ము తీసి బొట్టు పెట్టుకునే చోట, అర్జీదార్లు మోకాళ్లు ఆనించిన గుంటలూ అరచేతులు రాసుకున్న మచ్చలూ ఉన్నాయి. మెట్లను ఆనుకున్న రాజుల వైపు అంచున మాత్రం పువ్వులు నిన్న నేసినట్టున్నాయి.

"గుండన్నా, ఈ దారిలో తాతగారు ఎప్పుడు నడిచారు?" అన్నారు రాజుగారు మెల్లగా.

గుండన్న తల వంచుకున్నాడు.

రాజుగారి చెయ్యి నుదుటిమీదికి పోయింది. "మరి ఆ రోజు నా ముక్కులోకి దూరింది ఎవరు?"

"అర్జీలు పట్టుకొచ్చినవాళ్లు ప్రభూ. ఎన్నేళ్లనుంచో తమరిదాకా రావాలని చూస్తున్నారు. తమరి ముక్కుదాకానైనా రాగలిగారు."

తలారి కూడా కళ్లు మూసుకున్నాడు. రాజుగారి మీసం ముందు వణికింది, తరువాత భుజాలు కదిలాయి. చివరికి సింహాసనం మెట్లమీదే కూలబడి, కళ్లవెంట నీళ్లు వచ్చేదాకా నవ్వారు. నవ్వు ఆగాక, గట్టు తెగిన ఊళ్లవాళ్లను పిలిపించమన్నారు. ముంజేతి బంగారు కంకణం తీసి గుండన్నను దగ్గరికి రమ్మన్నారు.

గుండన్న మెట్ల ముందు వంగి రెండు చేతులూ చాపాడు. ఏట్లో నానిన జలుబు ఆ క్షణం కోసమే కాచుకున్నట్టుంది. ఆపుకోబోయాడు, ఆగలేదు. మహారాజు ముఖాన తుమ్మాడు.

శాస్త్రి మళ్లీ స్తంభం చాటుకు పోయాడు. నాంచారమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తలారి చెయ్యి అలవాటుగా కత్తిమీదికి పోయి, అక్కడే ఆగిపోయింది.

రాజుగారు ఉత్తరీయంతో ముఖం తుడుచుకున్నారు. గుండన్న చేతికి కంకణం తొడిగి, చంటిబిడ్డ తుమ్మితే ఇళ్లల్లో ఆడవాళ్లు చేసినట్టు అతని నెత్తిమీద మెల్లగా తట్టి, "చిరంజీవ" అన్నారు.